మొదటి మచ్చ పేరు

కరోనా తగ్గిన ఏడాది, గల్ఫ్‌లోని అల్ ఐన్ బస్ స్టేషన్‌లో నా పక్కన ఒక జగిత్యాల మనిషి కూర్చున్నాడు. పదేళ్లుగా ఒంటెలు కాస్తున్నానన్నాడు. నేనో ఇంట్లో వంటపని చేస్తున్నాను. మెడ మీద లేచిన మచ్చ మేడమ్ కంటపడితే పనిలోంచి తీసేస్తుందని, ఆ ఎండలోనూ చున్నీ బిగించి చుట్టుకున్నాను.

మాటల్లో ఆయన ఒంటెలకొచ్చే గజ్జి సంగతి ఎత్తాడు.

"దాన్ని అరబ్బీల జరబ్ అంటరక్కా. ఒళ్లంత పాకినంక ఆ మాట చెప్తే మా యజమాని, కఫీల్, కోపానికొస్తడు. గని మొదలు లేశే చిన్న మచ్చకు వేరే పేరుంది, నుగ్బ. కఫీల్ వాళ్ల నాయిన నేర్పిండు. నుగ్బ అంటే చాలు, యల్లా, జల్ది డాక్టర్‌ను పిలువు అంటడు. మొన్నొక ఒంటెపిల్ల గట్లనే బతికింది."

"చెప్పడానికి భయమెయ్యలేదాండి?" అన్నాను.

"మొదటిసారి ఏసింది. చెప్పక ఒకదాన్ని పోగొట్టుకున్న." అరచేతిలో వేలితో చిన్న సున్నా చుట్టి చూపించాడు. "ఇంతున్నప్పుడే చెప్పాలె."

నా మెడ వంక ఆయన చూడనే లేదు. బస్సు రాగానే లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మేడమ్ ముందు చున్నీ తీశాను. ఆమె కాసేపు చూసి, కారు తాళాలు అందుకుంది. క్లినిక్‌లో ఇచ్చిన పూతమందుతో మూడు వారాల్లో మచ్చ మాయమైంది. ఇప్పటికీ ఆ ఇంట్లోనే వండుతున్నాను.