లారీ మీద కట్టిన బస్సులో ముందు సీటు

పోయిన శ్రావణంలో, శుక్రవారం పొద్దున ఏడున్నరకు, చిత్తూరు నుంచి తిరుపతి పోయే చిన్న ప్రైవేటు బస్సులో జరిగింది ఇది. లారీ చాసిస్ మీద కట్టిన బండి అది. సరుకు మోయడానికి చక్రాల మీద బిగించిన కమానుపట్టీలు మనుషుల బరువుకు వంగవు. గుంత వస్తే వెనక సీట్లో వాళ్లు ఎగిరిపడాల్సిందే.

నిండు గర్భిణి ఒకామె ఎక్కి, ముందు సీటు మీది తువ్వాలు తీసి నా పక్కన కూర్చుంది. తువ్వాలు వేసి సీటు ఆపుకున్న ఆసామి వచ్చి లెమ్మన్నాడు. కండక్టరూ ఆయనకే వత్తాసు పలికాడు.

"ఎనక్కి పోమ్మా."

"దీని అడుగున ఉండేది లారీ అప్పా. ఎనక కూసుంటే ఈడనే కాన్పు అయితాది. నువ్వు మంత్రసానివా?"

బస్సంతా నవ్వింది. ఆమె నాకు సీటు పైన రాసిన అక్షరాలు చూపించింది.

"అవ్వా, ఆడ ఏం రాసుండారో అందరికీ ఇనబడేట్టు సదువు."

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. మొదటి అక్షరమే అడ్డం పడింది. "స కింద త వత్తు, ర వత్తు..." అని కూడబలుక్కుంటుంటే కండక్టరు ఎగతాళి చేశాడు.

"తిరుపతి వచ్చేస్తాదిలే అవ్వా!"

"నిదానంగా సదువవ్వా, నేను లేసేది లేదు" అందామె.

"స్త్రీలకు!" అని అరిచాను.

ఆసామి చంద్రగిరి దాకా నిలబడే వచ్చాడు.

ఆ రోజు ముందు సీట్ల దగ్గర ఉన్నది డ్రైవరు బాషా, కండక్టరు మునెప్ప, తువ్వాలు వేసిన గురవయ్య, చెంగమ్మ అనే నేను, నేను పేరు అడిగేలోపే దిగిపోయిన ఆమె, ఆమె కడుపులో ఇంకా పేరు పెట్టని బిడ్డ.