ఎస్తేరు మింగేసిన అక్షరం

ఎవరైనా ఇలాంటి సంగతులు చెబుతుంటే, "కరెంటు సరిగ్గా ఉందా? తీగ ఏదైనా ఊడిందేమో చూశారా?" అని అడిగే రకం నేను. విజయనగరంలో కంప్యూటర్లు బాగుచేసుకుంటూ, సాయంత్రాలు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో లినక్స్ పాఠాలు చెప్పుకుంటూ బతికినవాణ్ణి. దెయ్యాలను ఏనాడూ నమ్మలేదు. ఇది రాయడం పూర్తయ్యాక కూడా నమ్మను. కానీ హుకుంపేటలో మా చెల్లెలి ఇంట్లో జరిగినదానికి తీగ ఎక్కడ ఊడిందో మాత్రం నాకు ఇంతవరకు దొరకలేదు.

చెల్లి పేరు ఎస్తేరు. అరకు అవతల కొండల్లో, హుకుంపేట దగ్గర మిషన్ బడిలో లెక్కలు చెప్పేది, పిల్లలకు పాటలు నేర్పేది. భర్త దానియేలు అదే బడిలో తెలుగు మాస్టారు. మా అమ్మ వాళ్ల దగ్గరే ఉండేది. వాళ్లకు ఒక్కతే పాప, పేరు ప్రేమ.

పాప పుట్టిన ఏడాది నేను ఎస్తేరుకు ఒక చిన్న తెల్ల డబ్బా కొనిచ్చాను. అరచేతిలో పట్టేస్తుంది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. వెనక ఒక హార్డ్ డిస్కు తగిలిస్తే, ఇంట్లో కంప్యూటర్లు కేబుల్ ద్వారా అందులోని ఫోటోలూ పాటలూ తీసుకోవచ్చు. కంపెనీ పెట్టిన పని అంతవరకే. అయితే దానిలోని సాఫ్ట్‌వేర్ తీసేసి లినక్స్ ఎక్కిస్తే అదే ఒక పూర్తి కంప్యూటర్ అయిపోతుంది. స్పీకర్ తగిలిస్తే తనంతట తానే పాటలు పాడుతుంది. రెండు వేల ఆరు, ఏడు సంవత్సరాల్లో మాలాంటివాళ్లకు అదొక పిచ్చి.

కొనిచ్చింది నేనే గాని లినక్స్ ఎక్కించింది ఎస్తేరు. నేను ఇక్కడి నుంచి ఫోన్‌లో చెప్పేవాణ్ణి, తను అక్కడ బడి కంప్యూటర్ ఇంటికి తెచ్చి, కేబుల్‌తో డబ్బాకు కలిపి కొట్టేది.

"ఏటొచ్చింది తెరమీద?"

"ఏటో ఎర్రర్ అంతంది. ఆగన్నయ్యా, సదువుతాను."

మధ్యలో లైను తెగిపోయేది. కొండమీద ఫోన్ల సంగతి తెలిసిందే కదా. నేను మళ్లీ కలిపేసరికి, "అయిపోయిందిలే. నువ్వు సెప్పినట్టు కాదు, నాకు తోసినట్టు సేసేను" అని నవ్వేది. డిస్కును కూడా అలాగే తనకు తోచిన పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంది. ఎలా చేసిందో నేను అడగలేదు. పనిచేస్తున్నదాన్ని కెలకకూడదన్నది మా వృత్తిలో అందరం పాటించేదే.

పాపకు కొన్ని నెలలు వచ్చి ఎస్తేరు మళ్లీ బడికి వెళ్లడం మొదలుపెట్టాక, ఆ డబ్బాకు అసలైన పని దొరికింది. తన గొంతుతో జోలపాటలు రికార్డు చేసి అందులో పెట్టింది. మధ్యాహ్నం పాప నిద్రవేళకి డబ్బా దానంతటదే పాడేది. మా అమ్మ ఏ మీటా నొక్కక్కర్లేదు. పాట వింటూ పాప పడుకునేది. లేచేసరికి ఎస్తేరు బడి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉండేది.

ఆ వానాకాలం ఎస్తేరుకు జ్వరం వచ్చింది. ఏజెన్సీలో జ్వరం అందరికీ వస్తుంది, పోతుంది. ఇది మెదడుకెక్కిన మలేరియా. జీపులో కొండ దించి విశాఖపట్నం ఆసుపత్రికి తెచ్చాం. డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. చివర్లో తను నన్ను గుర్తుపట్టలేదు, దానియేలునీ గుర్తుపట్టలేదు. చేతివేళ్లు మాత్రం దుప్పటి మీద ఏదో కొడుతున్నట్టు కదులుతుండేవి. తిరిగి కొండమీదికే తీసుకెళ్లి, చర్చి వెనక సమాధి చేశాం.

కొన్నాళ్లకు దానియేలు ఫోన్ చేశాడు.

"బావా, డబ్బా ఆగిపోనాది. మేం ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇక్కడ పిడుగులు పడ్డాయంట. పాప మజ్జానం పడుకోవట్లేదు." తర్వాత, "ఎస్తేరు గొంతు దాన్లోనే ఉంది. ఇంకెక్కడా లేదు" అన్నాడు.

అది నిజం. పెళ్లికి వీడియో తీయించలేదు. నా దగ్గర తన ఫోటోలున్నాయి గాని గొంతు లేదు.

చలికాలం మొదట్లో, కొండవాలంతా పచ్చగా వలిసె పూలు పూసే రోజుల్లో ఒక శనివారం అరకు దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి జీపులో హుకుంపేట చేరాను. ప్రేమ అప్పటికి నడుస్తోంది. నన్ను చూసి అమ్మమ్మ చీర వెనక్కి వెళ్లి దాక్కుంది.

"ఆ పాట లేకపోతే ఈ గుంటకి నిద్ర రాదు నాయనా. నేను పాడితే మొగం తిప్పేత్తంది. బేగి సూడు" అంది అమ్మ.

చూశాను. అడాప్టర్ బాగానే ఉంది. డబ్బా బాగానే ఉంది. పెట్టగానే 'పీ' మంటుంది, నారింజరంగు లైటు వెలుగుతుంది, ఎంతసేపటికీ ఆకుపచ్చకు మారదు. అంటే లినక్స్ ఉన్న డిస్కు దెబ్బతిన్నది. దీనికి సిద్ధపడే వెళ్లాను. విజయనగరంలో కొత్త పెన్ డ్రైవ్ ఒకటి సీలు విప్పి, అందులో లినక్స్ కొత్తగా పెట్టుకుని తీసుకెళ్లాను. దాన్ని డబ్బాకు తగిలిస్తే లినక్స్ లేచింది. ల్యాప్‌టాప్ నుంచి కేబుల్ పెట్టి లోపలికి వెళ్లాను. ఎస్తేరు డిస్కును రెండో డిస్కుగా తగిలించాను. డిస్కు తిరుగుతోంది, పేరు కనిపిస్తోంది, కానీ తెరుచుకోదు.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. ప్రతి డిస్కుకూ మొదట్లో ఒక భాగం ఉంటుంది. ఏ ఫైలు ఎక్కడుందో వెతకడానికి అదే ఆధారం. ఎస్తేరు డిస్కులో అది చెడిపోయింది. అయితే దాని నకళ్లు డిస్కులో అక్కడక్కడా దాచి ఉంటాయి. నకలు ఎక్కడుందో ఆ చోటు నంబరు ఇచ్చి 'మౌంట్' అనే ఆదేశం కొడితే డిస్కు తెరుచుకోవచ్చు. మామూలుగా చేసిన డిస్కులకు ఆ నంబర్లు నాకు నోటికి వచ్చు. ఎస్తేరు తనకు తోచినట్టు చేసింది. నాకు తెలిసిన నంబర్లన్నీ ఇచ్చాను. లెక్కకట్టి మరికొన్ని ఇచ్చాను. ఒక్కటీ పనిచేయలేదు.

ఆదివారం పొద్దున మరోసారి ప్రయత్నించి వదిలేశాను. ఇక్కడి నుంచి జరిగింది జరిగినట్టు చెబుతాను.

కరెంటు వచ్చిపోతూ ఉందని డబ్బాను దాని మీట నొక్కి పద్ధతి ప్రకారం ఆపి, ప్లగ్గు గోడ నుంచి పీకేశాను. ప్రార్థన అయ్యాక బడి కంప్యూటర్‌లో వైరస్ చూడమని దానియేలు అడిగాడు కాబట్టి ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని నాతోనే తీసుకెళ్లాను. అందరం చర్చికి వెళ్లాం. అమ్మ, పాప కూడా. ఇంటికి తాళం వేసి తాళంచెవి దానియేలు జేబులో వేసుకున్నాడు. వచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది, ప్లగ్గు పీకినట్టే ఉంది. భోజనాలు చేశాం.

ఆ తర్వాత మళ్లీ ప్లగ్గు పెట్టాను. 'పీ' మంది. ఆకుపచ్చ లైటు వచ్చింది. ల్యాప్‌టాప్ కలిపి లోపలికి వెళ్లాను. పొద్దున కొట్టిన చివరి ఆదేశమే నంబరు మార్చి కొడదామని పై బాణం మీట నొక్కాను. లినక్స్ వాడేవాళ్లకు తెలుసు, ఆ మీట నొక్కితే ఇంతకుముందు కొట్టింది, మధ్యలో ఆపి పెట్టినా సరే, మళ్లీ తెరమీదికి వస్తుంది.

వచ్చింది. కానీ అది నేను కొట్టింది కాదు.

ఆదేశం అదే, డిస్కు పేరు అదే. మధ్యలో ఉన్న నంబరు మాత్రం నేను ఎప్పుడూ వాడింది కాదు. నేను లెక్కకట్టినవాటిలో కూడా లేదు.

ఇంకోసారి నొక్కాను. మళ్లీ అదే వాక్యం, అదే నంబరు. ఈసారి 'మౌంట్' అన్న ఇంగ్లీషు మాటలో ఎన్ అక్షరం లేదు. మూడోసారి నొక్కితే పొద్దున నేను కొట్టింది వచ్చింది. అంటే నా తర్వాత ఎవరో ఒకసారి తప్పుగా కొట్టి, దాన్ని దిద్దుకుని, మళ్లీ సరిగ్గా కొట్టారు.

"దానియేలూ, నువ్వు దీన్ని ముట్టుకున్నావా?"

"నాకేటి తెలుసు బావా ఇయన్నీ?" అంటూ వచ్చి నా భుజం మీదుగా చూశాడు. ఆ తప్పు వాక్యం తెర మీద పెట్టి చూపించాను. చాలాసేపు చూశాడు. పక్కనున్న మంచం మీద కూర్చుండిపోయాడు.

"ఇది ఎస్తేరుది" అన్నాడు.

నాకూ తెలుసు. ఆ మాట కొట్టినప్పుడల్లా తను ఎన్ వదిలేసేది. ప్రతిసారీ. ఫోన్‌లో నాకు వినిపించేది, మీటల చప్పుడు ఆగడం, తర్వాత తన విసుగు: "అబ్బ, మళ్లీ ఎన్ మింగేసేను." దానియేలు పక్కగదిలో పిల్లల పేపర్లు దిద్దుకుంటూ ఆ మాట రోజూ విన్నవాడు.

కింది బాణంతో సరైన వాక్యం మీదికి వచ్చి ఎంటర్ కొట్టాను. లినక్స్‌కు ఒక గుణముంది. పని జరగకపోతే ఏదో ఒకటి అంటుంది, జరిగితే ఏమీ అనదు. ఏమీ అనలేదు. కర్సర్ కింది వరుసలోకి దిగి ఆగింది.

అన్నీ ఉన్నాయి. బడిపిల్లలు పాడిన పాటలు, పాప ఫోటోలు, జోలపాటలు.

స్పీకర్ తగిలించాను. పాట మొదలవడానికి ముందు కుర్చీ జరిపిన చప్పుడు వచ్చింది, తర్వాత తన మాట: "దానీ, ఆ రేడియో ఆపు. ఇక్కడ రికార్డులో ఎక్కుతంది." అంతే, పాట ఎత్తుకుంది.

అమ్మ గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రేమ చేతిలోని స్టీలు గ్లాసు కింద పెట్టి, ఏ మాటా లేకుండా వచ్చి అమ్మమ్మ ఒళ్లో పడుకుంది. వేలు నోట్లో పెట్టుకుంది. పాట సగంలోనే కళ్లు మూతపడ్డాయి. ఇన్ని నెలలకు పాప అలా పడుకుందని దానియేలు నా చేయి పట్టుకున్నాడు. ఆ కాసేపూ మేం ముగ్గురం సంతోషంగానే ఉన్నాం.

పాప లేచింది. లేవగానే అమ్మమ్మ ఒళ్లోంచి దిగి, నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్లింది. ద్వారబంధం పట్టుకుని బడి వైపు చూస్తూ నిలబడింది.

మాకెవరికీ ముందు తట్టలేదు. పాట విని, నిద్రపోయి లేస్తే అమ్మ వస్తుంది. ఆ బిడ్డకు తెలిసిన లెక్క అదే.

పిలిస్తే రాలేదు. ఎత్తుకోబోతే గట్టిగా అరిచి మళ్లీ అక్కడికే వెళ్లింది. దారిన ఎవరో ఆడమనిషి కట్టెలు నెత్తిన పెట్టుకుని వస్తుంటే ముందుకు వంగి చూసింది, దగ్గరికొచ్చాక వెనక్కి తగ్గింది. చలి మొదలైంది. అమ్మ స్వెట్టర్ తెచ్చి నిలబడినదానికి నిలబడినట్టే తొడిగింది. పొద్దుగూకేదాకా పాప అక్కడే ఉంది.

దానియేలు లేచి వెళ్లి స్పీకర్ తీగ పీకేశాడు.

"ఒద్దు బావా. ఇంక దానికి ఇనిపించొద్దు" అన్నాడు.

ఉన్నవన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, సీడీలు చేసి అతనికి ఇచ్చాను. పాపకు ఊహ తెలిశాక ఇస్తానన్నాడు. డబ్బానూ డిస్కునూ నేను విజయనగరం తెచ్చేసుకున్నాను.

ఇక్కడ అదే డిస్కు, అదే డబ్బా, అదే పెన్ డ్రైవ్ పెట్టి అదే నంబరు ఇచ్చాను. తెరుచుకోలేదు. ఎన్నిసార్లు ఇచ్చినా తెరుచుకోలేదు. ఇంటర్నెట్‌లో ఈ డబ్బాల మీద పనిచేసేవాళ్ల గుంపుకు వివరాలన్నీ రాసి అడిగాను, చెల్లి సంగతి మాత్రం రాయలేదు. ఆ డిస్కులో ఆ నంబరు దగ్గర నకలు ఉండే అవకాశమే లేదని, నేనే ఎక్కడో అంకె పొరబడి ఉంటానని జవాబు వచ్చింది.

నేనే కొట్టి మరిచిపోయానా? ఎన్ ఎవరైనా వదిలేస్తారు, నేనూ వదిలేసి ఉండొచ్చు. కానీ తెలియని నంబరును మరిచిపోయి ఎలా కొడతాను? పెన్ డ్రైవ్ పాతదై, ఎస్తేరు ఎప్పుడో కొట్టింది అందులో మిగిలిపోయిందా? సీలు విప్పింది నేనే. వేరొకరు వచ్చారా? కరెంటు లేని డబ్బాలో ఏం కొడతారు? పైగా డిస్కు ఆ పూట ఒక్కసారి తెరుచుకున్న మాట నిజం. సీడీలు ఉన్నాయి కదా.

మరుసటి ఏడు ఈస్టర్‌కు దానియేలు పాపను, అమ్మను తీసుకుని మా ఇంటికి వచ్చాడు. నేను కనుక్కున్నదంతా, నిజానికి ఏమీ కనుక్కోలేకపోయినదంతా, అతనికి చెప్పాను. డాబా మీద కూర్చున్నాం. పాప మా పిల్లలతో ఆడుకుంటోంది.

"అయితే అది ఎస్తేరే అంటావేటి బావా?"

"తెలీదు. నేనలాంటివి నమ్మను. కానీ ఇంకెవరని చెప్పనూ?"

అతను పాప వైపు ఒకసారి చూశాడు.

"ఎస్తేరే అనుకుందాం. తాళమేసిన ఇంట్లోకి రాగలిగింది. ఆ డబ్బా కాడికెల్లి నీకు కావలసిన నంబరు కొట్టింది." నా వైపు తిరిగాడు. "పక్క గదే గదా బావా మాది. రోజూ నేనక్కడే పడుకుంతన్నాను. నా కాడికెందుకు రాలేదు?"

అతని పక్కకు జరిగి కూర్చున్నాను. కింద నుంచి అమ్మ భోజనాలకు పిలిచింది. రెండోసారి పిలిచాక లేచాం.