తడి ఆరేదాకా

టెక్కలి నీలి గ్రానైట్‌లో పగులు ఉత్త కంటికి ఆనదు. రాయి మీద నీళ్లు పోసి ఆరేదాకా చూడాలి. అంతా ఆరాక కూడా సన్నటి గీత ఒకటి తడిగా మిగిలితే అక్కడ పగులున్నట్టు. ఏ గీతా మిగలకపోతే రాయి మంచిదని రంగుతో గుర్తు పెడతాను. క్వారీలో జియాలజిస్టుగా నా ఉద్యోగం సగం ఈ ఎదురుచూపే.

నీళ్లు పోసే ఆమెది కంచిలి దగ్గర ఊరు. ఆ ఉద్దానం ప్రాంతంలో ఎందరికో అయినట్టే ఆమె భర్తకీ ముందు కాళ్లు వాచాయి, తర్వాత కిడ్నీలు పోయాయి. ఆయన చనిపోయాకే ఈ పనికొచ్చింది.

"ఈ రాయితో ఏటి సేత్తారు బాబూ?" అని ఒకసారి అడిగింది.

మా ఆఫీసువాళ్లు 'స్మారక శిల' అంటారు. సమాధి అనడానికి వాళ్లకి నోరు రాదు. నేను ఉన్నమాటే చెప్పాను. విదేశాల్లో సమాధుల మీద నిలబెట్టి, పోయినవాళ్ల పేరు చెక్కుతారన్నాను.

ఆమె బిందె దించింది. "మా ఆయన్ని తోటలో ఇసకలో కప్పెట్టినాం. గురుతుకి కొబ్బరి మొక్క ఏసినాం. తుపానుకి అది పోనాది. ఇప్పుడెక్కడున్నాడో నాకే తెల్దు."

ఆ తర్వాత నేను గుర్తు పెట్టినప్పుడల్లా, "రాయి బాగున్నాదంటే ఎవులో పోనారన్నమాట" అనేది. చిరాకేసి, ముందు నీళ్లు పొయ్యమని కసిరేవాణ్ణి.

వారంగా ఆమె రావడం లేదు. కాళ్లు వాచాయట. నిన్న నీళ్లు నేనే పోశాను. రాయి ఏ గీతా లేకుండా ఆరింది. రంగులో ముంచిన కుంచె నా చేతిలోనే ఎండిపోయింది.