మూడు కండ్ల మిషను

మా ఆయనకు చిన్న వస్తువులంటే గిట్టదు. కొత్తిమీర తెమ్మంటే బుట్టెడు తెస్తాడు, అది కుళ్ళిపోతే నేను పారబోయాలి. అందుకే, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అమ్మకు నాయనను పెద్దగా చూపిస్తానని ఆయన అన్నప్పుడు నాకు గుండె గుభేలుమంది.

సంగతేమిటంటే, మా మామ పోయి ఏడాది దాటింది. ఫొటో అంటే ముఖం తిప్పుకునే మనిషి. దండ వేసిన ఫొటో కూడా రేషన్ కార్డు కోసం తీసిందాన్ని పెద్దది చేయించిందే. అందులో ఆయన ఎవరి మీదో కేసు పెట్టబోతున్నట్టు ఉంటాడు. కదిలే మామ ఉన్నది ఒక్కచోటే, మా పెళ్ళి వీడియోలో. భోజనాల దగ్గర గరిటె పట్టుకుని వంటవాణ్ణి తిడుతూ వచ్చి, కెమెరా వైపు తిరిగి ఒక్కసారి నవ్వి పోతాడు. ఆ కాస్త కోసం మా అత్త టీవీకి ముక్కు ఆనించి కూర్చునేది. కాని ఆమె చూపు తగ్గిపోతోంది. అనంతపురంలో కంటి డాక్టరు చూసి, ఇది పొర కాదు, నరం, ఆపరేషనుకు లొంగదు, ఉన్నన్నాళ్ళే అన్నాడు. టీవీలో మామ ఆమెకు చీమలా కూడా ఆనడం లేదు. చూపు పోయేలోగా గోడంత మామను ఒక్కసారి చూడాలని ఆమె ఆశ.

అమ్మ ఆశ ఎంతో, కొడుకు క్రికెట్ పిచ్చి అంత. రెండూ కలిశాక ఇంక చెప్పేదేముంది.

మాది కళ్యాణదుర్గంలో శనక్కాయల మండీ. బెంగళూరుకు సరుకు వేసుకుపోయిన లారీ తిరిగి వస్తూ ఒక ప్రొజెక్టరును తెచ్చింది. ఏదో హోటల్లో మీటింగుల హాలు మూసేస్తే తుక్కు కింద అమ్మారట. బీరువాను పడుకోబెట్టినంత ఉంది. ముందువైపు మూడు గాజు కండ్లు, ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి, నీలిది ఒకటి. దింపడానికి మండీ హమాలీలందరూ పట్టారు. శనక్కాయ మూటలను ఆడుతూ పాడుతూ మోసేవాళ్ళు, దీన్ని దించి మా ఆయనను ఒక చూపు చూశారు. పాతది కదా అంటే, ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్నాడు ఆయన. ఏనుగైతే మేతకు పోతుంది, ఇది ఎక్కడికీ పోదు అన్నాను.

హోటల్లో దాన్ని పైకప్పుకు వేలాడదీశారట. మాది బండల మిద్దె. దానికి దీన్ని వేలాడదీస్తే అందరం ఒకేసారి మామ దగ్గరికే పోయేవాళ్ళం. కాబట్టి ఉత్తరం గది నడిమధ్యన, మండీలో కాటా పెట్టే చెక్క బల్ల మీద అది కొలువుతీరింది. ఎండాకాలం ఇంట్లో కాస్త చల్లగా ఉండేది ఆ గదొక్కటే. నా కుట్టు మిషను వంటింట్లో పొయ్యి పక్కకు చేరింది.

ఇక మూడు కండ్లను కలిపే తపస్సు మొదలైంది. ఒక్కో కన్ను ఒక్కో రంగు బొమ్మ వేస్తుంది. మూడూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటేనే మనిషి మనిషిలా ఉంటాడు. వెంట్రుకవాసి తప్పితే ఒకడు ముగ్గురవుతాడు, ఎర్రవాడు, పచ్చవాడు, నీలివాడు. మా ఆయన గోడ మీద గళ్ళ బొమ్మ వేసుకుని, రిమోటు పట్టుకుని, మండీ మానేసి, పంచాంగం చూసే అయ్యవారిలా కూర్చునేవాడు. ఒక మూల కలిస్తే ఇంకో మూల విడిపోయేది. రోడ్డు మీద లారీ పోతే విడిపోయేది. నేను చీపురు తగిలిస్తే విడిపోయేది, తిట్లు నాకు పడేవి. పొలాల్లో బోరు మోటార్లు వేస్తే వోల్టేజీ పడిపోయి గళ్ళన్నీ ముడుచుకుపోయేవి. మా దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. మిషను తన ఫ్యానుతో ఊళ్ళో దుమ్మంతా పీల్చుకునేది, ఆయన సైకిలు పంపుతో దాని కడుపులోకి గాలి కొట్టి ఆ దుమ్మును మా మీదికి పంపేవాడు. బస్టాండు దగ్గరి టీవీ మెకానిక్కు, ఇలాంటివి చానా చూసినానని వచ్చి, పచ్చ కంటి వెనక చల్లదనానికి పోసిన నూనెలాంటి ద్రవాన్ని కాస్తా కార్చిపెట్టాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మళ్ళీ బెంగళూరు, మళ్ళీ లారీ.

అమ్మినవాడు అప్పుడే గట్టిగా ఒక మాట చెప్పి పంపాడట. కదలని బొమ్మను గంటల తరబడి పెట్టకూడదు, లోపల గాజు మీద మచ్చ పడిపోతుంది, ఇక పోదు అని. మా ఆయన ఆ మాటను తానే కనిపెట్టినట్టు చూడవచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. పాలు పోసే ఆమెకు కూడా చెప్పాడు.

ఎట్టకేలకు దసరా ముందర రంగులు కలిశాయి. పెళ్ళి వీడియోను సీడీ చేయించి పెట్టుకున్నాడు. పండగ మొదటి నాడు అత్త తలంటుకుని, కొత్త చీర కట్టుకుని గోడ ముందర కూర్చుంది. తీరా బొత్తాం నొక్కబోతే చెయ్యెత్తి ఆపింది.

“ముందు సామిని చూపీరా. మీ నాయన యాడికీ పోడు.”

మా ఇంటి దేవుడు కదిరి నరసింహస్వామి. తేరు నాటి సీడీ ఒకటి ఇంట్లో ఉంది. అందులో ఉత్సవమూర్తి ముఖం నిండుగా కనిపించే చోట ఆయన నిలబెట్టాడు. అమ్మకు ఆనాలని వెలుగు మొత్తం పెంచాడు. మిడిగుడ్లు, కిరీటం, కోరలు, గోడ నిండా సామి. అత్త ఏడ్చింది. నిజం చెప్పాలంటే నాకూ ఒళ్ళు జలదరించింది. కర్పూరం వెలిగించారు, టెంకాయ కొట్టారు. ఇక ఆపబోయాడు.

మా ఇంట్లో దసరాకు అఖండదీపం పెడతారు. అది తానుగా కొండెక్కాలి గాని మనం ఆర్పకూడదు. మా అత్తకు వెలుగంటే వెలుగే, నూనెదయినా కరెంటుదయినా. పండగ నాడు సామిని ఆర్పుతావా అని ఆమె ఒక్క మాట అనేసరికి, పాలామెకు కూడా పాఠం చెప్పిన మనిషి రిమోటు కింద పెట్టేశాడు.

వంటింట్లో పట్టుకుని అడిగాను. “ఏమయ్యా, మచ్చ పడతాదంటివి కదా?”

“సామికి మచ్చేందే? నువ్వు గమ్మునుండు.”

నా ఆశంతా కరెంటు మీద పెట్టుకున్నాను. పెళ్ళిళ్ళకు పోతుంది, పరీక్షలకు పోతుంది, పిండి రుబ్బుతుంటే పోతుంది. ఆ దసరాకు పోలేదు. వాన పడి రైతులు మోటార్లు ఆపుకున్నారో ఏమో, పండగ అన్నాళ్ళూ రెప్ప వేయలేదు. మా జిల్లాలో అంతకు మించిన మహిమ నేను చూడలేదు.

పండగ అయ్యింది, అత్త దీపం కొండెక్కింది, మిషను ఆపారు. మర్నాడు క్రికెట్ అంటే వీధి వీధంతా వచ్చింది. పచ్చటి మైదానం పడింది. దాని నడుమ నీడలాగా సామి. బంతి ఆయన కిరీటంలోంచి వచ్చి కోరల్లో దూరుతోంది. నేను పడీ పడీ నవ్వాను, మా ఆయన ముఖం చూసి మానుకున్నాను. ఎదురింటి పెద్దాయన లేచి చేతులు జోడించాడు. అందరూ చెప్పులు బయట విడిచి వచ్చారు. కోడి పకోడీల పొట్లం తెచ్చినవాడు దాన్ని వీపు వెనక దాచుకుని వెళ్ళిపోయాడు. సినిమా పెడితే, డాన్సు పాట రాగానే అత్త ఆపించేది. రాప్తాడు నుంచి చుట్టాలు పెళ్ళి పత్రిక తెచ్చి మిషను ముందర పెట్టి పోయారు. మహిమ, మహిమ అన్నారు. మావాళ్ళతో అదే హాయి, చెడిపోయిన దానికి మహిమ అని పేరు పెడితే బాగుచేసే పని తప్పుతుంది. ఎండిన బోర్లకు ఆ అదృష్టం లేదు, పాపం.

మెకానిక్కు చూసి, మూడు గొట్టాలూ మార్చాల, ఇప్పుడు యాడా దొరకవన్నా అని చెప్పి టీ తాగి పోయాడు. మా ఆయన గోడంతా ఉత్త తెలుపు వేసి రోజుల తరబడి ఉంచితే మచ్చ కలిసిపోతుందని ఆశపడ్డాడు. తెల్లటి గోడ మీద సామి ఇంకా బాగా కనిపించాడు. మామ సీడీ మాత్రం పెట్టడు. రేపు, ఎల్లుండి అంటాడు. భయం. ఆ భయం నాకు తెలుసు కాబట్టి ఆ ఒక్క విషయంలో నేను ఎగతాళి చేయలేదు.

చివరికి అత్తే అడిగింది. “మొగాలు గుర్తుపట్టల్యాకపోతాండానురా. చూపిస్తావా, ల్యాదా?”

ఆ మధ్యాహ్నమే కిటికీలకు గోనెసంచులు కట్టాం. పెళ్ళి పడింది. పందిరి, వంటవాళ్ళు, పొగ. గరిటె ఊపుతూ మామ వచ్చాడు, గోడంత మామ. అత్త లేచి గోడ దగ్గరికి పోయింది. ఆయన ఇటు తిరిగాడు, నవ్వాడు, ఆ ముఖం సరిగ్గా పోయి సామి నీడలో పడింది. మా ఆయన అక్కడే నిలిపాడు. అత్త గోడ మీద అరచెయ్యి పెట్టి తడిమింది. జీవితమంతా శనివారాలు ఉపవాసం ఉన్న మనిషి అన్నది గదా,

“సామిని రోంత పక్కకు జరగమనరా.”

సామి జరగడు. మచ్చ గాజులో ఉంది. జరిగేది మామే. కాని బొమ్మను పక్కకు లాగితే నెలల తరబడి కలిపిన రంగులు మూడు దారుల్లో పోతాయి. ఆ సంగతి మా ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు? ఒక్క క్షణం రిమోటు వైపు చూసుకున్నాడు. తర్వాత ఒక్కో రంగునే బరబరా లాగేశాడు. మామ నీడలోంచి బయటికి వచ్చాడు, వస్తూ ముగ్గురయ్యాడు. ఎర్ర మామ, పచ్చ మామ, నీలి మామ, ముగ్గురూ గరిటెలు పట్టుకుని నవ్వుతున్నారు.

అత్త ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. “ఒగనితోనే ఏగల్యాక సస్తి, ముగ్గుర్ని తెచ్చినావా?” అని నవ్వింది. నవ్వుతూనే చెంగు కండ్లకు అద్దుకుంది. పచ్చ మామ చెంప మీద చెయ్యి పెట్టి అక్కడే నిలబడింది. మా ఆయన మచ్చ మాట ఎత్తలేదు, రిమోటు ముట్టుకోలేదు. నేను కుర్చీ తెచ్చి వేస్తే కూర్చుంది.

పొద్దు వాలాక మోటార్ల వేళ అయింది. బొమ్మ ఒకసారి ముడుచుకుంది, కరెంటు పోయింది. గది చీకటి. మా ఆయన గొణుగుతూ కిటికీ గోనె విప్పబోతే అత్త వద్దంది.

“తానే కొండెక్కినాడు లేరా,” అంది. “మనం ఆర్పలేదు.”