వెలగనిది కూడా చూపించిన మేడమ్

మంగళవారం. పొద్దున్నుంచి తుంపర. అంగడి ముందున్న సున్నం బస్తాలు తడవకుండా లోపలికి మార్చాను.

ఆ రోజు నా పద్దుల పుస్తకంలో ఉన్నది అంతే. చివరి బస్తా దించి చేతులు కడుక్కుంటుండగా ఎదురింటి మేడమ్ చెల్లెలు మిద్దె మెట్లు దిగి వచ్చింది. చేతిలో గొడుగు లేదు. "అన్నా, అక్క పోయింది" అంది. తలుపు దగ్గరికి లాగి ఆమె వెనకే వెళ్ళాను. సాయంత్రం పుస్తకం తెరిచాను కానీ రాయలేకపోయాను. వాన, ఎండ, వచ్చిన సరుకు, చేసిన పని రోజూ రాసుకునేవాడిని. మనిషి పోవడం ఏ వరసలో రాయాలో తెలియలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది పుంగనూరు. సున్నం, రంగులు, మేకులు, కరెంటు సామాన్లు అమ్మే చిన్న అంగడి నాది. మేడమ్ ప్రభుత్వ బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెలు ఆమెతోనే ఉండేది. రిటైరయ్యాక ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల భౌతిక, రసాయన శాస్త్ర పాఠాలు ప్రయోగం చేసి చూపిస్తూ ఇంటర్నెట్టులో పెట్టడం మొదలుపెట్టారు. మీ పిల్లలు చూసే ఉంటారు. అందులో కనిపించే చేతులూ వినిపించే గొంతూ ఆమెవి. ఫోను పట్టుకున్నది నేను.

మొదట్లో చెల్లెలు పట్టుకునేది. మధ్యలో "అక్కా, పాలు పొంగుతాండాయి" అనేది. అదీ పాఠంలో పడేది. ఒకరోజు మేడమ్ రాగి తీగ కోసం అంగడికి వచ్చారు. తీగ కొలిచి, చుట్టి, కాగితంలో పెట్టి ఇచ్చేదాకా నేనేమీ మాట్లాడలేదు. "ఏమప్పా, నీకు నోరుండాదా?" అన్నారు. తల ఊపాను. "సాలు. నీలాంటోడే కావల్ల నాకు" అన్నారు.

పిల్లల పుస్తకంలో ఒక పుట ఇంగ్లీషు, ఎదురు పుట తెలుగు. రెండూ పరాయిగానే తోచే పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. ఫోనులో దొరికే పాఠాల్లో ఏదో పెద్ద బడి, బల్ల నిండా గాజు సామాను. పెద్దమండ్యం పక్క పల్లెలో పిల్లకు గాజు సామాను ఎక్కడిది? మేడమ్ టీ గ్లాసుల్లో, సీసా మూతల్లో చేసేవారు. మేము ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే చెప్పేవారు.

ఆమ్లాలు, క్షారాల పాఠానికి నా దగ్గరే పిడికెడు సున్నం తీసుకున్నారు. పసుపు నీళ్ళలో కలిపితే ఎర్రబడింది. "ఇదేందో తెలుసు కదా? మీయమ్మ దిష్టి తీసే ఎర్రనీళ్ళు. ఇన్నేండ్లూ మీయమ్మ ఇంట్లో రసాయన శాస్త్రమే సేస్తాండాది" అన్నారు. నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపు రంగుకు వచ్చింది. నేను ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. చదవడం, లెక్క రాయడం అంగడిలో కూర్చుని నేర్చుకున్నవే. మానేసిన చోటి నుంచే చదువు మళ్ళీ మొదలైనట్టు ఆ రోజు నాకనిపించింది. 

ఆమెకొక పట్టుదల ఉండేది. తీసిన వీడియోను కోయనిచ్చేవారు కాదు. ప్రయోగం తప్పితే తప్పినట్టే పెట్టాలి. పుస్తకంలో నిమ్మకాయలతో బల్బు వెలిగించమని ఉంటే, మదనపల్లె మార్కెట్టు పక్కనున్నవాళ్ళం మనకు టమోటా ఉండగా నిమ్మకాయలెందుకని టమోటాలు వరసగా పెట్టి, ఒక్కో కాయలో జింకు పూత మేకు, రాగి తీగ గుచ్చారు. చిన్న ఎర్ర ఎల్ఈడీ బల్బు తగిలించారు. వెలగలేదు. నేను ఫోను దించబోతే కళ్ళతోనే వద్దన్నారు. బల్బు వైపు కాసేపు చూసి, "ఎలగలేదు సూడండి. యాల ఎలగలేదో రేపు సూద్దాం" అని ముగించారు. అలాగే పెట్టించారు.

మరునాడు పాఠం కింద ఒక పిల్ల రాసింది. కుప్పం పక్క పల్లె. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు. "బల్బు కాళ్ళు అటుది ఇటు మార్చండి మేడమ్" అని. మార్చాం, వెలిగింది. మేడమ్ ఆ రోజంతా ఆ పిల్ల మాటే చెప్పుకున్నారు. "సూసినోడు నమ్ముతాడు, సేసినోడు అడుగుతాడు. నాకు అడిగేవాళ్ళు కావల్లప్పా" అన్నారు.

తర్వాత తంబళ్లపల్లె నుంచి ఒక రైతు వెతుక్కుంటూ వచ్చాడు. టమోటాకు మంచి రేటున్న కాలం.

"మేడమ్, మార్కెట్టుకు పెట్టిన పెట్టెలో మంచి కాయలన్నీ ఏరి మా పాప మేకులు గుచ్చింది. బాగా తిట్టినా" అన్నాడు.

"ఎలిగిందా?"

"ఎలిగింది."

"మరి యాల తిట్టినావు?"

"ఎలిగినందుకు తిట్టలేదు మేడమ్. రేటు ఉండాదని తిట్టినా."

ఆమె నవ్వి అతనికి టీ ఇప్పించారు. ఆ సాయంత్రమే ఇంకో చిన్న వీడియో తీయించారు. "మెత్తబడిన కాయలే తీసుకోండి. మంచి కాయ ముట్టుకున్నారో, మీ నాయన నా మీదికొస్తాడు" అని.

ఆ తర్వాత గొంతు బొంగురుపోయింది. సుద్దముక్కల పొడి అని మొదట అనుకున్నాం. మదనపల్లెలో చూపించారు, కుప్పంలో చూపించారు, చివరికి వేలూరు వెళ్ళారు. గొంతులో మాట పుట్టే భాగాన్నే తీసేయాలన్నారట. ఆమె వచ్చి ఆ సంగతి నాకు సరుకు గురించి చెప్పినట్టు చెప్పి, "అప్పా, ఇంగ బిరబిరా తీయల్ల" అన్నారు. ఆపరేషన్‌కు వెళ్ళేలోపు ఉన్న గొంతుతో తీయగలిగినన్ని తీశాం. దగ్గు వస్తే ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆ దగ్గూ పాఠాల్లో ఉంది. ఎనిమిదో తరగతిలో ధ్వని పాఠం ఒక్కటీ మిగిలిపోయింది. అదొక్కటీ అయితే మూడు తరగతులూ పూర్తవుతాయి. ఆమెకు మిగిలిన కోరిక అదే.

మెడకు గుడ్డతో ఇంటికి వచ్చిన రోజు వీధిలో ఆడవాళ్ళు ఎర్రనీళ్ళు తిప్పారు. మేడమ్ లోపలికి సైగ చేసి నిమ్మచెక్క తెప్పించుకుని ఆ పళ్ళెంలో పిండారు. నీళ్ళు పసుపు రంగుకు మారాయి. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వారు, శబ్దం రాలేదు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

అప్పటినుంచి పలక మీద రాసేవారు. "పాఠం నువ్వు చెప్పు" అని నాకు రాశారు. నాకు రాదన్నాను. "నాకూ మొదట రాదు" అని రాశారు. నా మొదటి ప్రయత్నం విని, "పంతులు మాదిరి వద్దు. టీ అడిగినట్టు చెప్పు" అని రాశారు.

రెండు కాగితం కప్పులకు దారం కట్టి వీధికి అడ్డంగా లాగాం. ఒక కొస ఆమె మిద్దె కిటికీ దగ్గర, ఇంకొకటి నా అంగడి చూరు కింద. దారం బిగుతుగా ఉండాలి, దేన్నీ తాకకూడదు. ఆమె కప్పు మీద గోరుతో తట్టారు. నేను ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో కప్పు పట్టుకుని, "ఇనబడతాండాది" అన్నాను. పాఠంలో నా మొదటి మాట అది.

మిగిలింది గొంతు ప్రయోగం. గొంతు మీద వేళ్ళు పెట్టుకుని 'ఆ' అంటే అదురు తెలుస్తుంది. ఫోను వెనకనుంచి నేను 'ఆ' అని, అదిరిందని చెప్పాను. అయిపోయిందనుకున్నాను. ఆమె ఫోను ముందుకు జరిగారు. గుడ్డ పైన రెండు వేళ్ళు ఆనించి నోరు తెరిచారు. చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత పలక తీసుకుని రాశారు: "అదురు లేదు. శబ్దం లేదు. యాల లేదో రేపు సూద్దాం."

చెల్లెలు అది చూసి పక్కకు పిలిచింది. "ఇది పెట్టొద్దన్నా. పిల్లోళ్ళు జడుసుకుంటారు. మా అక్కను ఎవురూ అట్ట సూడకూడదు" అంది. మేడమ్ విన్నారు. పలక మీద "కొయ్యొద్దు" అని రాసి చూపించారు. చెల్లెలు కొంగుతో ఆ మాట తుడిచేసింది. ఆమె మళ్ళీ రాశారు. చెల్లెలు మళ్ళీ తుడిచింది. నేను అంగడికి వచ్చేశాను. పాఠం నా ఫోనులోనే ఉండిపోయింది.

జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. మంచం కిటికీ పక్కకు మార్చారు. దారం మేము తీయలేదు. రోజూ అంగడి తీశాక కప్పు చెవికి పెట్టుకుంటే గోరు చప్పుడు వినిపించేది. ఒక్కోసారి గట్టిగా, ఒక్కోసారి చీమ నడిచినట్టు. నేనూ తట్టేవాణ్ణి. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ అంతకంటే ఎక్కువ మాటలు లేవు.

ఆ మంగళవారం పొద్దున చప్పుడు రాలేదు. తుంపరకు దారం తడిసి వదులైంది, అందుకే అనుకున్నాను. వదులైన దారం శబ్దాన్ని మోయదని చెప్పింది ఆమే. బస్తాలు మార్చడంలో పడ్డాను.

దినాలు అయిపోయాక చెల్లెలు అంగడికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. "పెట్టన్నా. కొయ్యొద్దనింది కదా" అంది. పెట్టాను. కుప్పం పిల్ల చూసింది. మరునాడు చూసింది, ఆ మరునాడూ చూసింది. ఈ రోజు పొద్దున రాసింది: "మేడమ్, రేపు అన్నారు. రోజూ వచ్చి సూస్తాండా. యాల అదరలేదు?"

అడిగేవాళ్ళు కావాలన్నారు ఆమె. ఫోను పక్కన పెట్టి పద్దుల పుస్తకం తీశాను.

శుక్రవారం. మబ్బు, వాన లేదు. సున్నం బస్తాలు మళ్ళీ బయట వేశాను. కుప్పం పిల్లకు జవాబు రాశాను. గొంతులో అదిరే భాగాన్ని జబ్బు వల్ల తీసేశారమ్మా, అందుకే శబ్దం రాలేదు, మేడమ్ ఇప్పుడు లేరు, ఇంకేమైనా ఉంటే అడుగు అని. చెల్లెలు ఎదురు మిద్దె కిటికీ మూసింది. కప్పు బయటే ఉండిపోయి గాలికి గోడకు తగులుతోంది. ఇక్కడ వినిపించదు. పక్కింటి నిచ్చెన అడిగి తెచ్చాను. దారం మళ్ళీ బిగించి కట్టాను.