ఫిరంగి కింది తలుపు

మొన్న ఆదివారం మా మనవరాలు, అంటే మా బిడ్డ బిడ్డ, తాను పనిచేసే కంపెనీ చూపిస్తానని నన్ను తీసుకుపోయింది. తుక్కుగూడ దాటాక, ఒకప్పుడు జొన్నచేలు ఉన్నచోట ఇప్పుడన్నీ రేకుల షెడ్లు, ప్లాట్ల హద్దురాళ్లు. ఆ షెడ్లలో ఒకదానిలో యుద్ధ ట్యాంకులకు బిగించే రక్షణ యంత్రాల భాగాలు చేస్తారు. వచ్చినవాళ్లకు చూపించడానికని ట్యాంకు ముందు భాగం నమూనా ఒకటి కట్టి, డ్రైవరు గుంటలో కుర్చీ కూడా పెట్టారు. ట్యాంకు డ్రైవరుగా పనిచేసిన తాత వచ్చాడని పిల్లకు గర్వం, నలుగురిలో కూర్చోమని పట్టుబట్టింది. కూర్చున్నాను. ఎవరో ముచ్చటపడి పైన మూత వేశారు. అంతే, నా పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు చేతులతో మూతను గుద్దుతూ "గన్నర్ భాయ్" అని కేకలు పెట్టానట. బయటికి లాగి నీళ్లు తాగించాక మనవరాలు మెల్లగా అడిగింది, "గన్నర్ భాయ్ ఎవలు తాతా?"

మాది పాల్మాకుల. అన్నదమ్ములం ఎక్కువ, చెలక తక్కువ, అందుకని మీసాలు సరిగా రాకముందే ఫౌజులో చేరాను. పొట్టివాణ్ని కావడం అక్కడ కలిసొచ్చి ట్యాంకు డ్రైవరునయ్యాను. మా ట్యాంకులో ఫిరంగి పేల్చే గన్నరుది శంషాబాద్, వాళ్ల నాయనది బస్టాండు దగ్గర కిరాణా దుకాణం. దేశం ఆ కొసన ఎడారి పక్క మైదానంలో మా ఇద్దరికే తెలుగు వచ్చు కాబట్టి, కమాండరును ఆయన ఎదుటే తిట్టుకునే భాగ్యం మాకే ఉండేది. అతను నన్ను అన్నా అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ని, ఇద్దరిలో ఎవరు పెద్దో ఎన్నడూ తేల్చుకోలేదు.

ఎరగనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ట్యాంకులో మిగతావాళ్లు పైన, ఫిరంగితో పాటు తిరిగే బురుజులో ఉంటే డ్రైవరు ఒక్కడే ముందు, జొన్నలు పోసే పాతరలోకి దిగినట్టు దిగి కూర్చుంటాడు. వాడి తలుపు నెత్తి మీద ఉంటుంది. ఫిరంగి గొట్టం నేరుగా ముందుకు ఉందంటే సరిగ్గా ఆ తలుపు మీదికే వస్తుంది, ఇక మనిషి పైకి రాలేడు. అందుకే బండి ఆపగానే గన్నరు గొట్టాన్ని పక్కకు తిప్పాలన్నది మొదటి పాఠం. కానీ ఆ ఎండలు పాఠాలు వినేవి కావు. మధ్యాహ్నం పూట బండి ఆగితే గన్నర్లు గొట్టాన్ని తిప్పకుండా డ్రైవరు నెత్తి మీదే ఉంచి, దాని మీద తడి గోనెసంచి పరిచేవారు, కింద కూర్చున్నవాడికి నీడ దొరకాలని. నియమానికి విరుద్ధమని అందరికీ తెలుసు, అందరూ అదే చేసేవారు. మా భాయ్ అయితే సంచి ఆరినప్పుడల్లా వచ్చి తడిపిపోయేవాడు.

ఆ రోజు మా బండి ఒక చిన్న కాలువ గట్టు మీద ఆగి ఉంది. భాయ్, కమాండరు చెట్టు కింద చాయ్ తాగుతున్నారు, నేను నా గుంటలో గోనెసంచి నీడన కునుకు తీస్తున్నాను. గట్టు కింది మట్టి ఎప్పుడు నానిందో ఏమో, ఒక్కసారిగా జారింది. బండి ముక్కు కాలువలో పడింది, గొట్టం కొస అవతలి గట్టులో దిగబడింది. మీదికి దూకుతున్న నీళ్లను ఆపడానికి నా చేతులతో నేనే మూత లాక్కున్నాను. అప్పటికే నీళ్లు నడుము దాకా వచ్చాయి, కరెంటు పోయింది. నేలలో ఇంకో చిన్న తలుపు ఉంటుంది కానీ అది బురదలో కూరుకుపోయింది. వెనక్కి పాకుదామంటే గుండ్ల అరలు అడ్డం. చీకటిలో నీళ్లు సందుల గుండా కారుతున్న చప్పుడు వింటూ, సొంత ఊరు కూడా గుర్తుకు రానంత భయపడ్డాను. ఆ భయాన్ని ఇంతకన్నా చెప్పడం నాకు రాదు.

అప్పుడు, ఎప్పుడు పరుగెత్తుకొచ్చి లోపలికి దిగాడో ఏమో, వెనక బురుజులోంచి భాయ్ గొంతు వినిపించింది. "అన్నా, నేనీడనే ఉన్న. చేత్తోటి తిప్పుతున్న, జర ఓపిక పట్టు."

"నీళ్లొస్తున్నయ్ భాయ్, జల్ది తిప్పు."

"ఊకోకు, మాట్లాడుతనే ఉండు. నీకేమన్న అయితే మీ బాపుకు నేనేం మొహం పెట్టుకొని చెప్పాలె?"

బండి మొత్తం ఒరిగిపోతే భాయ్ కూడా లోపలే చిక్కుకుంటాడు. అది అతనికి తెలుసు, దిగి రమ్మని కమాండరు అరుస్తున్నది నాకూ వినిపిస్తోంది. అతను దిగలేదు, చేతిచక్రం తిప్పుతూ నన్నూ ఎండనూ ఆ గోనెసంచినీ కలిపి తిట్టాడు. బయట మిగతావాళ్లు నీళ్లలో దిగి గొట్టం కొస చుట్టూ మట్టిని చేతులతో తోడి, దాన్ని భుజాలతో నెట్టారు. నీళ్లు గొంతు దాకా వచ్చినప్పుడు గొట్టం కదిలింది, ఎవరో మూత లాగారు, నా నెత్తి మీద వెలుతురు పడింది.

తర్వాత ఇంకా చాలా కాలం ట్యాంకే నడిపాను, నౌకరీ కదా. ఫౌజు నుంచి వచ్చాక ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడిపితే, ఏసీ ఉండి అద్దాలు దించుతాడేమిటని ప్రయాణికులు గొణిగేవారు. "తుపాకులకు భయపడనోడు బాత్‌రూం గడియకు భయపడ్తడు" అని మా ఇంటావిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

ఇదంతా విన్నాక మనవరాలు నన్ను తన బల్ల దగ్గరికి తీసుకుపోయి తాము చేసే ఆ రక్షణ యంత్రం సంగతి చెప్పింది. దాని రాడారు చుట్టూ చూస్తూనే ఉంటుందట. ట్యాంకు మీదికి రాకెట్టు దూసుకొస్తే, కనురెప్ప వాల్చేలోపు ఎదురు గుండు వదిలి దాన్ని గాలిలోనే పేల్చేస్తుందట. లోపల ఉన్న ఫౌజు పిల్లలు బతుకుతారని సంతోషపడ్డాను, నిజంగానే.

"కాకపోతే తాతా, అది ఆన్‌ల ఉన్నప్పుడు పక్కన ఎవ్వరు ఉండొద్దు. ముక్కలు ఎగిరి తాకుతయ్. మనోళ్లయినా సరే దూరం జరగాల్సిందే."

"మరి లోపలోడు ఇరుక్కుంటే?"

"ముందుగాల బంద్ చేస్తరు, అటెన్క దగ్గరికి పోతరు."

మంచి పద్ధతే అన్నాను. ఇంకో సంగతి మాత్రం పిల్లకు చెప్పలేదు. కరోనా రోజుల్లో భాయ్ దవాఖానలో పడ్డాడని వాళ్ల ఇంటావిడ ఫోన్ చేస్తే పరుగెత్తాను. గేటు దగ్గరే ఆపేశారు. నర్సమ్మ దయతలచి ఫోన్ అతని చెవి దగ్గర పెట్టింది. "అన్నా, ఈడ ఊపిరాడ్తలేదు, జర తలుపు తీయమను" అన్నాడు. నేను గేటు మనిషిని బతిమాలాను. అతను కూడా చేతులు జోడించి, మీ మంచికే పెద్దాయనా, దూరం ఉండండి అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. ఈ కాలం మనిషిని కాపాడే తీరే అది, పక్కవాళ్లను దూరం జరిపి కాపాడుతుంది, దానివల్ల ఎన్నో ప్రాణాలు నిలుస్తున్నాయి కూడా. మా రోజుల్లో అంత తెలివి లేదు, ఒకడు చిక్కుకుంటే ఇంకొకడు లోపలికి దిగేవాడు. నా కోసం భాయ్ దిగాడు, నేను బతికాను. అతని కోసం నన్ను దూరంగా ఉండమన్నారు, ఉన్నాను, అయినా అతను దక్కలేదు.