వంక ఒడ్డున మిగిలిన కంప

మూడు వానాకాలాలు గడిచేదాకా తోపులో నిప్పు పెట్టనని మా బావమరిది మేష్ట్రుకు మాటిచ్చాడు. రెండో వానాకాలం దాకా కూడా ఆగలేదు. ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల సంగతి. మొన్న మంగళవారం మేష్ట్రు పోయారని కబురు రాగానే నాకు మొదట గుర్తుకొచ్చింది ఆ మాటే.

ఆయన అడవి శాఖలో గార్డుగా పనిచేసి రిటైరైనవారు. పీణ్య దగ్గరున్న మా ఉమ్మడి తోపును లంటానా కంప మింగేస్తుంటే చూడలేక, ఆదివారం పొద్దున్నే పాఠాలు మొదలుపెట్టి అందరికీ మేష్ట్రు, అంటే పంతులు, అయ్యారు. మగ్గాలవాళ్ళు, అంగళ్ళవాళ్ళు, కట్టెలు దొరకని ఆ కాలంలో పీకిన కంపను పొయ్యిలోకి మోసుకుపోయే ఆడవాళ్ళు, నేను. ఇదీ ఆయన తరగతి.

పలక లేదు, బలపం లేదు. చేతిలో గునపం. వంగేముందు అందరినీ కొమ్మలకేసి చూడమనేవారు. "పికిలిపిట్ట యాడ కూర్చుంటాదో చూడండప్పా. కంప పండు తిని ఇత్తనం ఆ కిందే రాలుస్తాది. మొలక ఆడే ఉంటాది." ఉండేది. నేను ఇంగ్లీషు పుస్తకంలో చదివింది వినిపిస్తే ఓపిగ్గా విని, "పుస్తకం బాగుండాది సామీ. ఇంక వంగండి" అనేవారు.

ఆయన పద్ధతి మాకు తలకిందులుగా తోచేది. కంప దట్టంగా ఉన్న చోటు వదిలేసి, ఇప్ప, నేరేడు మొలకలు ఇంకా బతికున్న తూర్పు అంచున మొదలుపెట్టారు. "బాగుండే చోటును ముందు కాపాడుకోవాల. అది బలిసి మనకు తోడొస్తాది" అనేవారు. అలా జరుగుతూ జరుగుతూ పడమట పారే వంక ఒడ్డు చేరాలి, దాన్ని తన కళ్ళతో చూడాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

తోపు సంఘానికి పెద్ద మా బావమరిది. "మీరిట్ల గోరుతో గీకతా ఉంటే మా మనవళ్ళు కూడా ఈడే వంగుంటారు మేష్ట్రే" అని నవ్వేవాడు. తాలూకా అధికారి అమల్దారు తోపు చూడడానికి వస్తున్నాడని తెలిసి, ఒక్క మధ్యాహ్నంలో అంతా శుభ్రం కావాలని నిప్పు పెట్టించాడు. అమల్దారు మెచ్చుకుని పోయాడు. ఏడాదిగా కాపాడిన మొలకలన్నీ మాడిపోయాయి. వాన పడగానే మోళ్ళ నుంచి లంటానా రెండింతలై లేచింది.

అతన్ని పదిమందిలో కడిగేద్దామని నేను సిద్ధమయ్యాను. మేష్ట్రు నేరుగా అతని అంగడికి పోయి, "నీ చెయ్యి బలంగా ఉండాది నాయనా. ఆదివారం రా. మళ్ళీ మొదలుపెడదాం" అన్నారు. అతను వచ్చాడు. ఆ తర్వాత ఒక్క ఆదివారమూ తప్పలేదని ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఇప్ప మొక్కలు నా భుజం దాటాయి. వంకకు ఇవతల పది బారల కంప మిగిలింది.

నిన్నటి ఆదివారం కూడా పాఠం ఆగలేదు. ఈసారి మా బావమరిదే నేర్పాడు. కొత్తగా వచ్చిన ఒకామె, "ఇంత కష్టం ఎందుకన్నా, కాల్చేస్తే పోదా?" అని అడిగింది. "పోదమ్మా. కాల్చి చూసినోణ్ణి నేనే" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, మొలకను వేరుతో సహా ఎట్లా లాగాలో చూపించాడు. బాగానే చూపించాడు.

ఈ వానల్లోనే వంక ఒడ్డు చేరతామని ఆడవాళ్ళు అంటున్నారు. చేరతాం. మేష్ట్రుకు ఒక్క ఏడాది తక్కువైంది. ఆ ఏడాదిని కాల్చేసినవాడు మా బావమరిది.